ఏడుపు కన్నం

బ్లైనైలో లీకు పట్టుకోవడమంటే
చేపల సంతలో నీచు ఎక్కడిదని వెతకడమే.
ఇక్కడ వాన ఆగదు,
అలసిపోయి కాసేపు సన్నబడుతుంది, అంతే.
పలకరాతి కొండలు, పలకరాతి కప్పులు, గుమ్మాలు,
అన్నిటిదీ ఒకటే తడి బూడిదరంగు.
అందులో ఈ బొట్టు ఇంజనుదా, ఆకాశానిదా అంటే
ఏం చెప్పను?

ఇద్వల్ బండి తోసుకుంటూ వచ్చాడు.
ఎనభై ఒకటి నాటి హోండా, తమ్ముడు ట్రెవోర్‌ది.
ట్యాంకు తుడిచి తుడిచి అద్దం చేశాడు.
"లీకు లేదు," అన్నాడు, నేనింకా అడగకముందే.
"వేడెక్కుతోంది. డబ్బాలో కూలెంట్ తగ్గుతోంది.
కింద మాత్రం చుక్క లేదు."

చుక్క లేదు. నీళ్ళూ లేవు.
మరి ఎటు పోయినట్టు?

చాపెల్ కప్పు మార్చినప్పుడు తెచ్చుకున్న పలక ఒకటి
పొడిగా తుడిచి ఇంజను కింద పరిచాను.
గొట్టాలన్నీ నొక్కి చూశాను,
బిరుసెక్కాయి గానీ పగుల్లేదు.
రేడియేటర్ మూతికి చేతిపంపు బిగించి గాలి కొట్టాను.
ముల్లు గీత మీద నిలబడింది,
తర్వాత, భోజనాల మధ్యలో జారుకునే చుట్టంలా
ఎవరికీ చెప్పకుండా దిగిపోయింది.
పలక పొడిగానే ఉంది.

పైన పటారం, లోన లొటారం.
ఆయిల్ మూత తిప్పితే
నల్లగా ఉండాల్సిన చోట
పాలు ఎక్కువైన టీ.

వెల్లకిలా పడుకుని ఇంజను వెనకవైపు టార్చి వేశాను.
అక్కడొక కన్నం ఉండాలి, బియ్యపు గింజంత.
జపాన్‌లో కావాలనే తొలిచి పంపిన కన్నం.
లోపల పంపు సీలు అరిగిననాడు
నీళ్ళు నూనెలో కలవకముందే
బయటికి ఉప్పందించడం దాని పని.
మా మెకానిక్కులకి అది ఏడుపు కన్నం.
ఇప్పుడక్కడ గోధుమరంగు జిగురు, రాయిలా గట్టిపడి,
పైన ఎవరిదో బొటనవేలి ముద్ర.

"దాని నోరు నొక్కేశావా?"
"కారుతుంటే పూడ్చాను. పోయినేడు ఫిబ్రవరిలో.
కారేదాన్ని పూడ్చరా మరి?"

ట్రెవోర్ పోయింది ఆ జనవరిలో.
నేనేమీ అనలేదు. కెటిల్ పెట్టాను.

సన్నటి డ్రిల్లు ముక్కని వేళ్ళతోనే తిప్పుతూ
జిగురు రజను రజనుగా రాల్చాను.
చివరి పొర ఊడగానే ఒక్క బొట్టు,
ఆకుపచ్చటిది, వేడిదేమీ కాదు,
పలక మీద పడి వెడల్పయింది.
ఇద్వల్ బయటికెళ్ళి సిగరెట్ వెలిగించబోయాడు.
ఆ వానలో వెలగలేదు.

ఈ బండికి ఇంజను దించందే సీలు మారదు.
రెండు శనివారాలు పట్టింది.
క్వారీలో బండలు మోసిన చేతులు అతనివి,
జాకు మీదికి బరువు దించుతూ
వెల్ష్‌లో దానికేదో నచ్చజెప్పాడు.
వెనక మూత బోల్టు ఒకటి
మూడు చెరువుల నీళ్ళు తాగించింది.
పాత సీలు నాణెమంత లేదు. అంచు చిట్లింది.
దీనికేనా ఇంత, అన్నట్టు
అరచేతిలో అటూ ఇటూ తిప్పి జేబులో వేసుకున్నాడు.

నూనె రెండుసార్లు మార్చాం, టీ రంగు పోయేదాకా.
"కొత్త సీలు కుదురుకునేలోపు
ఒకటి రెండు బొట్లు రావచ్చు. కంగారు పడకు.
ఆ కన్నం జోలికి మాత్రం పోకు."

మంగళవారం రాత్రి ఫోను.
"బొట్టు పడింది."
"ఏ రంగు?"
"చీకట్లో ఏం తెలుస్తుంది?"
"వేలికి రాసుకో. జిడ్డుందా? తియ్యటి వాసన?"
చాలాసేపు రేకు మీద వాన తప్ప ఏమీ వినపడలేదు.
"ఏమీ లేదు. ఉత్త నీళ్ళు."
"అయితే అది వానే."
"ఊఁ," అన్నాడు.
ఫోను పెట్టలేదు.
"ట్రెవోర్ అయితే," అన్నాడు, "వాసన చూడకుండానే చెప్పేవాడు..."

నేను చేతులు తుడుచుకుని
స్టూలు దగ్గరికి లాక్కున్నాను.